ఇసకలో దిగబడ్డ ఇల్లు



నిరుడు సంక్రాంతి వెళ్లిన వారంలో గంజాం తీరంలోని మా మార్కండి ఒడ్డుకి ఒక ఇల్లు వచ్చింది. నాలుగు చక్రాల మీద వచ్చింది. నీలం రంగు టెంపో ట్రావెలర్. లోపల సీట్లన్నీ తీసేసి మంచం, పొయ్యి, సింకు, చిన్న ఫ్రిజ్ పెట్టించుకున్నారు. విశాఖ వైపు నుంచి వచ్చిన దంపతులు, ఉద్యోగాల నుంచి విరమించినవాళ్లు. సముద్రానికి ఎదురుగా తలుపు తీసుకుని కాఫీ తాగాలన్నది ఆయన సరదా. తారు రోడ్డు అయిపోయాక ఆగి ఉంటే సరిపోయేది. ఇంకో పాతిక గజాలు ముందుకి పోనిచ్చారు. వెనక చక్రాలు ఇసకలో దిగిపోయాయి. దిగిపోయాయని ఆయన యాక్సిలరేటర్ తొక్కారు. తొక్కినకొద్దీ అవి గొయ్యి తవ్వుకున్నాయి. నేను వెళ్లేసరికి ఇరుసు ఇసకని తాకుతోంది.

వలలు బాగుచేసుకుంటున్న మావాళ్లు పదిమంది లేచి వచ్చారు. ఒక పెద్దాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కిందకి చూసి అడిగాడు. "ఏటి బాబూ, ఇందులో నీళ్లెన్ని పోసినారు?" నూట యాభై లీటర్లని చెప్పారు ఆయన. "ముందవి ఒదిలీండి."

నీళ్లు వదిలారు. లీటరు నీళ్లంటే కిలో బరువు కదా, నూట యాభై కిలోలు అలా ఇసకలోకి జారిపోయాయి. అదీ పూర్తిగా వెనక ఇరుసు మీద కూర్చున్న బరువు. తర్వాత టైర్లలో గాలి సగం తీయించారు. పడవ కింద వేసే దుంగలు తెచ్చి చక్రాల ముందు పరిచారు. పెదవల లాగే తాడు ముందు కొక్కేనికి కట్టి, వల లాగినట్టే పదం అందుకుని లాగారు. మూడో ఊపుకి బండి గట్టు ఎక్కింది. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. లోపల చూడనిస్తే చాలన్నారు. ఆడవాళ్లు కూడా వచ్చి ఒక్కొక్కరే ఎక్కి చూసి దిగారు. అందరి కళ్లూ ఒక సొరుగు దగ్గర ఆగాయి. తాలింపు డబ్బా. ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు, మెంతులు, ఒక్కో గిన్నె మూతకి ఒక్కో రబ్బరు బ్యాండు. గతుకుల రోడ్డు మీద ఆవాలు మంచం దుప్పట్లో దొర్లకుండా ఆ ఇల్లాలు కనిపెట్టిన ఉపాయం. నన్నడిగితే ఆ బండిలో అన్నిటికన్నా బాగా ఆలోచించి చేసిన పని అదే.

నేను బరంపురంలో బస్సు బాడీలు కట్టే షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి. ఆ నీలం బండి వచ్చి వెళ్లాక ఊళ్లో కుర్రాళ్లు, వాళ్లతోపాటు ఒకరిద్దరు పెద్దవాళ్లు కూడా నన్నొకటే అడుగుతున్నారు. తిరగడానికి, అందులోనే ఉండడానికి ఏ బండి మంచిది? పెద్దదా, చిన్నదా? బస్సా, వ్యానా, కారు వెనక తగిలించుకునే ట్రెయిలరా? ఈ పూట ఆ సంగతే మాట్లాడదామని వచ్చాను.

జవాబు మాత్రం నాది కాదు. ఆ పెద్దాయన మాటల్లోనే దొరికింది. బండి బయటికొచ్చాక బీడీ ముట్టించుకుని అన్నాడు, "సముద్రంలో ఏ పడవైనా తేల్తాది. ఒడ్డెక్కేటప్పుడే తెలుస్తాది దాని సంగతి."

మన గంజాం తీరం ఎరిగినవాళ్లకి ఈ మాట లోతు తెలుస్తుంది. ఇక్కడ అల నేరుగా ఒడ్డు మీదే విరుగుతుంది. అందుకే మనవాళ్ల పాత పడవకి మేకులుండేవి కావు. పలకలకి బెజ్జాలు వేసి కొబ్బరితాడుతో కుట్టేవారు. ఇసకకి కొట్టుకున్నప్పుడు మేకు కొట్టిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ ఒళ్లు విరుచుకుని సర్దుకుంటుంది. తెప్ప అయితే మరీ సులువు, దుంగలు విప్పి భుజాన వేసుకుని ఇంటికి పోవచ్చు. ఇప్పుడు ఫైబర్ బోట్లు వచ్చాయి గానీ లెక్క అదే. పడవని దిగే ఒడ్డుని బట్టి కట్టుకున్నారు. బండీ అంతే. మనం షోరూములో ఇంజను బలం అడుగుతాం, మైలేజీ అడుగుతాం. ఈ బండి రోజుకి అయిదారు గంటలు నడుస్తుంది, పద్దెనిమిది గంటలు ఎక్కడో ఆగి ఉంటుంది. ఆ పద్దెనిమిది గంటల సంగతి ఎవరూ అడగరు.

పూర్వం అడిగినవారున్నారు. ఏనుగుల వీరాస్వామయ్యగారి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసినవారు. 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. నూరుమంది దాకా పరివారం, డేరాలు, బోయీలు మోసే సవారీ, గంగ మీద కొంతదూరం పడవలు. తిరుగు ప్రయాణంలో పూరీ నుంచి మన గంజాం మీదుగానే దిగివచ్చారు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర తిరగేసి చూడండి. సవారీ ఎలా ఉందో వెతికితే దొరికేది కొంచెమే. ఫలానా ఊళ్లో నీళ్లు మంచివా కావా, డేరా వేసుకునే చోటుందా, అంగళ్లలో ఏం దొరుకుతుంది అన్నవి మాత్రం మజిలీ మజిలీకీ ఉంటాయి. నూరుమందితో పదిహేను నెలలు దారి మీద బతికిన మనిషికి రాయదగిందిగా తోచింది అదే.

మన వైపు నుంచి వెళ్లే కాశీ బస్సు కూడా అలాంటిదే. ఇలాంటి ఇంటి బండికి అమెరికావాళ్లు వాడే ఆర్.వి. అన్న మాట మనం వినకముందే మనకి కాశీ బస్సు ఉంది. డిక్కీలో గ్యాస్ పొయ్యి, గుండిగలు, బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు, వెనక సీట్లో వంటమేస్త్రీ. మా షెడ్డుకి వచ్చే యాత్రల మేనేజరు ఒకాయన దగ్గర అట్ట చిరిగిన నోటుబుక్కు ఉండేది. ఏ పెట్రోలు బంకులో తెల్లవారుజామున కుళాయి వస్తుంది, ఏ సత్రంలో ఆడవాళ్లకి వేరే స్నానాల గది ఉంది, ఎక్కడ పొయ్యి వెలిగిస్తే ఊరుకోరు, అన్నీ అందులో. రెండు బస్సులు మార్చాడు, నోటుబుక్కు మార్చలేదు.

సరే, బండ్ల రకాల దగ్గరికొద్దాం.

అమెరికాలో పిల్లలున్నవాళ్లకి ఈ రకాలు ఇప్పటికే కొంత తెలుసు. ఆరునెలలకని వెళ్లిన అమ్మానాన్నలని పిల్లలు ఎల్లోస్టోన్ చూపిస్తామని ఒక పెద్ద బండిలో ఎక్కిస్తారు. అక్కడ వీటిని అక్షరాలతో పిలుస్తారు. క్లాస్ ఏ అంటే ఏకంగా బస్సే, ముప్పై నలభై అడుగులు. క్లాస్ బి అంటే వ్యాను, బయటికి మామూలు బండిలాగే కనిపిస్తుంది. క్లాస్ సి అంటే లారీ ముందుభాగం మీద గది కట్టినట్టుంటుంది, డ్రైవరు నెత్తిమీదికి పొడుచుకొచ్చి ఒక మంచం. అద్దెకి ఎక్కువగా దొరికేది ఇదే. ఇంజను లేని ఇళ్లు వేరే ఉన్నాయి. కారు వెనక లాగే ట్రెయిలరు ఒకటి, పికప్ బండి తొట్టిలోని కొక్కేనికి తగిలించే ఫిఫ్త్ వీల్ ఇంకొకటి.

ఏ అక్షరం మంచిదని పిల్లలు వాదించుకుంటారు. అలాంటి బండిలో నాలుగు రోజులు ఉండి వచ్చిన మా బంధువులావిడ చెప్పింది ఆ వాదనలన్నిటికన్నా పనికొచ్చే మాట. "అన్నయ్యా, తాలింపు వేశాను, పొగ గంట మోగింది. కిటికీ తీశాను, ఇంకా మోగింది. ఆ పూటనుంచి పెరుగన్నమే." సింకు నీళ్లు బండి కిందనున్న తొట్టిలోకి పోతాయి. అది నిండితే మళ్లీ ఒంపడానికి వేరే చోటికి వెళ్లాలి. అంట్లు తోమడం మనవాళ్ల పద్ధతిలో సాగితే ఆ తొట్టి రెండో రోజుకే నిండుతుంది. మరుగుదొడ్డి తొట్టి వేరు, దాన్ని ఖాళీ చేసే గొట్టం వేరు, ఆ గొట్టం పట్టుకునే బాధ్యత అల్లుడిది. ఆవిడ నవ్వుతూ చెప్పింది గానీ, ఆ దేశంలో ఆ తొట్టి ఒంపుకోవడానికి కట్టించిన చోట్లు ఊరూరా ఉన్నాయన్నది గుర్తుపెట్టుకోండి. కరెంటు తీగ తగిలించుకునే స్తంభాలు, నీళ్ల గొట్టాలు ఉన్న మైదానాలు ఉన్నాయి. ఆ మైదానాలు ఉన్నాయి కాబట్టే ఆ బండ్లు అలా ఉన్నాయి. బండిని మాత్రం తెచ్చుకుని, మైదానాన్ని అక్కడే వదిలేస్తే మనకేం మిగులుతుంది?

కేరళవాళ్లు ఈ సంగతి ముందే పట్టారు. 2021లో కేరవాన్ కేరళ అని విధానం ప్రకటించినప్పుడు బండ్లతోపాటు వాటిని నిలిపే పార్కుల గురించీ చెప్పారు. మరుసటి ఏడే వాగమన్ కొండల్లో మొదటి పార్కు వచ్చింది. మన వైపు అలాంటి పార్కు ఇంటిపక్కన ఉంటుందనుకుని బండి కొనొద్దు. మనకున్నవి పెట్రోలు బంకులు, దాబాలు, సత్రాలు, గోపాలపురం, రంభ, బర్కుల్ వంటి చోట్ల పాంథనివాస్‌లు. అడిగితే ఆవరణలో ఒక మూల ఇస్తే ఇస్తారు. ఆ మూలలో పట్టే బండే మన బండి.

అందుకని నా లెక్కలో మనకి తగినది క్లాస్ బి లాంటిదే. టెంపో ట్రావెలర్ అని మనం పిలిచేది, లేదా అంతకన్నా చిన్నది. ట్రావెలర్ మూడు నాలుగు పొడవుల్లో దొరుకుతుంది. రెండు ఇరుసుల మధ్య దూరం 3,050 మిల్లీమీటర్లది, 3,350ది, 4,020ది నేను చేతులారా విప్పి బిగించాను. నలుగురైదుగురు పడుకోవాలంటే పొడుగుది కావాలి. ఇద్దరికి మధ్యది చాలు. తప్తపాణి ఘాటు మలుపుల్లో పొడుగు బండితో ఎదురుగా బస్సొస్తే మీకే తెలుస్తుంది. దారింగిబాడి చలికి వెళ్లే కుర్రాళ్లకయితే ఈకో వ్యాను వెనక ఒక పలక మంచం, ఒక సిలిండరు పొయ్యి చాలు. అందులో నిలబడలేరు, నిజమే. పాతికేళ్లవాడికి నిలబడే అవసరం ఏముంది? అరవై దాటినవాళ్లు మాత్రం తల తగలని కప్పు లేని బండి జోలికి పోవద్దు. రాత్రి రెండుసార్లు లేవాలి, వంగి ప్యాంటు వేసుకోవాలి. నడుం పట్టేస్తే మంచం ఎంత మెత్తగా ఉన్నా సుఖం లేదు.

ట్రెయిలరు సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. వెనక్కి నడపడం వచ్చా? వస్తే కొనండి.

ఇక బరువు. బండి కాగితాల మీద మొత్తం బరువని ఒక అంకె ఉంటుంది. బండి, మనుషులు, సామాను, నీళ్లు, అన్నీ కలిపి దాన్ని దాటకూడదు. ప్లైవుడ్ బీరువాలు, గాజు తలుపులు, గ్రానైట్ వంటగట్టు అడిగేవాళ్లని చూశాను. ఇల్లు కట్టుకున్నట్టు కడతారు. అది ఇల్లు కాదు, గంటకి అరవై కిలోమీటర్లతో కదిలే భూకంపం. పని అయ్యాక లారీల కాటా దగ్గరికి తీసుకెళ్లి ముందు చక్రాలు విడిగా, వెనక చక్రాలు విడిగా తూయించండి. వెనక మరీ కుంగితే కమాన్ కట్టలో ఒక పట్టీ ఎక్కిస్తే సరిపోతుందని మేస్త్రీ అంటాడు. కట్ట గట్టిపడుతుంది గానీ బ్రేకు గట్టిపడదు.

కరెంటు లెక్క ఇంకా చిన్నది, అయినా ఎక్కువమంది తప్పేది ఇక్కడే. 12 వోల్టుల 100 ఏహెచ్ లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు ఒకటింపావు యూనిట్. ఫ్యాను, దీపాలు, సెల్‌ఫోను దానితో రాత్రంతా హాయిగా నడుస్తాయి. ఒక టన్ను ఏసీ పెడితే గంటకి అయిపోతుంది. కప్పు మీద 400 వాట్ల సోలారు పలకలు పెట్టినా మంచి ఎండలో రోజంతా కలిపి ఒకటిన్నర యూనిట్ వస్తే గొప్ప. ఏప్రిల్లో బరంపురం ఉక్కలో ఏసీ వేసుకుని బండిలో పడుకోవడం ఈ లెక్కలో కుదరదు. ఉన్న ఉపాయం కార్తీకం నుంచి శివరాత్రి దాకా తిరిగి, ఎండల్లో ఇంట్లో పడుకోవడం. వీరాస్వామయ్యగారు మే నెల మధ్యలో బయలుదేరారు. ఆయనకి వెంట నూరుమంది ఉన్నారు, మనకి లేరు.

ఈ ఏసీ కోసమే కొందరు జనరేటరు పెడతారు. ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపి ఉన్న క్యారవాన్‌లో ఇద్దరు మనుషులు నిద్రలోనే పోయారు. జనరేటరు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నేలలో ఉన్న కన్నం గుండా లోపలికి చేరింది. ఆ వాయువుకి వాసన లేదు, రంగు లేదు. తీగలకోసమో గొట్టాలకోసమో నేలకి వేసిన ప్రతి కన్నాన్నీ మూయించారా లేదా అన్నది మీరే పడుకుని టార్చి వేసి చూసుకోండి. వంటగ్యాసు సంగతి దీనికి ఎదురు. అది గాలికన్నా బరువు, లీకయితే నేలమీద పేరుకుంటుంది. సిలిండరు గూటికి అడుగున బయటికి దారి ఉండాలి, గదిలోకి ఉండకూడదు. మోనాక్సైడ్ పసిగట్టే గంట చిన్నదే, మంచం తల దగ్గర పెట్టించుకోండి. బీరువా ఒకటి తగ్గించుకోండి, దీన్ని మాత్రం మానకండి.

కాగితాల మాట. బండిని ఎలా పడితే అలా మార్చడానికి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు, 52వ సెక్షను చూసుకోండి. మోటారు క్యారవాన్ల భద్రతకి ఏఐఎస్-124 అని ప్రత్యేకంగా ప్రమాణం ఉంది. దాని ప్రకారం కట్టే షెడ్డా, కాదా అన్నది అడ్వాన్సు ఇవ్వకముందు అడగాలి. 7,500 కిలోల లోపు బండికి మామూలు కారు లైసెన్సు చాలు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా ఆ హద్దునే నిలబెట్టింది.

మరి మన తెలుగువాళ్లలో బండిలోనే బతికి చూపించినవారు లేరా అంటే, ఉన్నారు. 1982లో పార్టీ పెట్టాక ఎన్.టి. రామారావుగారు పాత షెవర్లే వ్యానుని మార్పించుకుని చైతన్య రథమన్నారు. కొడుకు హరికృష్ణ నడిపారు. రోడ్డు పక్కనే స్నానం, రోడ్డు పక్కనే తిండి, అందులోనే కునుకు. బాడీ కట్టేవాడి కంటితో చూస్తే ఆ బండిలో అసలు పని లోపల లేదు, పైకప్పులో ఉంది. నిలువెత్తు మనిషి ఎక్కి గంటలు గంటలు మాట్లాడితే కుంగకూడదు. బండి దేనికో ముందు తెలుసుకుని కట్టించారు కాబట్టి మిగతావి సర్దుకున్నాయి. నీళ్ల తొట్టి అక్కర్లేదు, ఏ ఊళ్లో ఆగినా బిందెలతో జనం వచ్చేవారు. మనకి అలా రారు, మనం తొట్టి పెట్టించుకోవాలి.

నిజానికి మన కళ్లముందే రోజూ బండిలో బతికేవాళ్లు లారీ డ్రైవర్లు. పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఏ దాబా దగ్గరైనా చూడండి. సీటు వెనక పలక మంచం, కిరోసినో గ్యాసో చిన్న పొయ్యి, దేవుడి పటం. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లకి ఏసీ ఉండాలని ఇప్పటికి నిబంధన వచ్చింది. రాత్రి ఎక్కడ ఆగితే దొంగభయం లేదో, ఎక్కడ నీళ్లు దొరుకుతాయో వాళ్లని అడగండి. నీలం బండి దంపతులకీ నేనదే చెప్పాను.

సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకి ఇంకో మాట. ఉప్పుగాలి. షోరూము బండిని నేల కోసి, కన్నాలు వేసి, కోసిన అంచుకి రంగు వెయ్యకుండా వదిలేస్తే మార్కండిలో రెండు వర్షాకాలాలకి తుప్పు చేత్తో రాలుతుంది. తుఫాను రోజుల్లో ఇలాంటి ఎత్తు బండి ఒడ్డున ఉండనే కూడదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు గాలి ఎలా వీచిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఎత్తయిన చదును గోడ ఉన్న ప్రతిదీ ఆ గాలికి తెరచాపే.

నీలం బండి ఆ రాత్రి ఎక్కడ ఆగిందంటారా? బడి వెనక గట్టినేల మీద, బోరింగు పక్కన. పొద్దున్నే ఆ ఇల్లాలు బోరింగు కొట్టి రెండు బిందెలు మాత్రం తొట్టిలో పోసుకుంది. ఆయన తలుపు తీసుకుని కాఫీ తాగారు. సముద్రం కనపడలేదు, చప్పుడు వినిపించింది. చాలన్నారు.

ఇన్ని చెప్పాను కదా, మీరెందుకు కొనలేదని అడిగేవాళ్లున్నారు. కొందామనే అనుకున్నాను. మధ్యరకం పొడవు, పాతది, ఇంజను బాగున్నది ఒకటి చూశాను కూడా. కొనేముందు నేను చెప్పే పద్ధతే నేనూ పాటించాలి కదా, మా సందు మలుపు దగ్గర తాడు పట్టి కొలిచాం. బండి వెడల్పు, రెండువైపులా అద్దాలు, మలుపులో తిరగడానికి కాస్త జాగా. అన్నీ కలిపితే మూరెడు తక్కువొచ్చింది. ఆ మూరలో ఉన్నది మా తులసికోట. దాన్ని పక్కకి జరిపితే బండి పడుతుందన్నాను. మా ఆవిడ తాడు వైపూ చూడలేదు, నా వైపూ చూడలేదు. చెంబుతో నీళ్లు పోసి, దీపం పెట్టి, లోపలికి వెళ్లిపోయింది.